గుంత మళ్ళీ పడకుండా పూడ్చడం ఎలా: విశాఖ రోడ్ల మరమ్మతుకు సమగ్ర మార్గదర్శి

విశాఖలో రోడ్డు మీద గుంత జూన్‌లో పుడుతుంది, అక్టోబరులో పెద్దదవుతుంది, నవంబరులో పూడుతుంది. మరుసటి ఏడు అదే చోట మళ్ళీ కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాలతో మొదలైన తడి ఈశాన్య రుతుపవనాల దాకా ఆగకపోవడం, సాధారణంగా అక్టోబరులోనే అత్యధిక వర్షం కురవడం ఈ తీరపు లక్షణం. వానను మనం ఆపలేం. కానీ పూడ్చిన గుంత పూడ్చిన చోటే తిరిగి తెరుచుకుంటే ఆ తప్పును వాన మీదకు నెట్టడం కుదరదు.

రోడ్డు పనులకు కొత్తగా వచ్చిన సహాయ ఇంజనీర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, చిన్న కాంట్రాక్టర్లు, తమ వీధిలో జరిగే పనిని దగ్గరుండి చూడాలనుకునే కాలనీ సంఘాల వారు ఈ వ్యాసాన్ని ఉపయోగించుకోవచ్చు. ఇందులో నేను చెప్పదలచినది ఒక్కటే: మరమ్మతు ఎన్నాళ్ళుంటుందో తారు మిక్సు (తారు కలిపిన కంకర) లారీ రాకముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే లారీ వచ్చాక జరిగే పని కన్నా ముందు జరగాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

గుంత పుట్టే తీరు

పైకి నల్లగా కనిపించేది రోడ్డులో ఒక పలుచని భాగం మాత్రమే. అన్నిటికన్నా అడుగున నేల, దాని మీద గ్రావెల్ లేదా సన్న కంకర పొర, దాని మీద తడి కలిపి దిమ్మిస వేసిన కంకర పొర, ఆపైన తారు పొరలు ఉంటాయి. బరువును మోసేది కింది పొరలు. వాటిలోకి నీరు దిగకుండా కాపాడటం, చక్రాల రాపిడిని తట్టుకోవడం పై పొర పని.

చలిదేశాల పుస్తకాల్లో గుంతలకు మంచునే ప్రధాన కారణంగా చెబుతారు. పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బడం, కరిగాక అక్కడ ఖాళీ మిగలడం అక్కడి కథ. మన దగ్గర ఆ బాధ లేదు. ఎండకు, గాలికి తారు ఏళ్ళ తరబడి గట్టిపడి పెళుసుగా మారుతుంది. లారీ వెళ్ళినప్పుడల్లా రోడ్డు కంటికి కనిపించనంత వంగి లేస్తుంది. పెళుసు తారు ఆ వంపును తట్టుకోలేక సన్నగా పగులుతుంది. వాన నీరు ఆ పగుళ్ళ గుండా కంకర పొరలోకి దిగుతుంది. తడిసిన పొర మీద చక్రం పడగానే లోపలి నీరు ఒత్తిడికి పగుళ్ళ గుండా పైకి చిమ్ముతుంది, చిమ్మేటప్పుడు సన్నని మట్టిని వెంట తెస్తుంది. వాన వెలిశాక పగుళ్ళ పక్కన ఎర్రటి లేదా బూడిదరంగు బురద చారలు కనిపిస్తే కింద ఈ పని జరుగుతున్నట్టే. కొన్నాళ్ళకు అడుగు ఖాళీ అవుతుంది, పై ముక్క విరిగి లేచిపోతుంది. ఇంతకు మించి రాతికి తారుతో ఉన్న బంధం కన్నా నీటితో ఉన్న బంధమే బలమైనది. నీరు చాలాసేపు నిలిచిన చోట తారు రాతిని వదిలేస్తుంది.

ఇక బరువు సంగతి. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిలో జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష తర్వాత ఇంజనీర్లు ఒక లెక్కకు వచ్చారు: ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం సుమారుగా ఆ బరువు నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెంపు 13 శాతం లోపే. పై సూత్రం ప్రకారం నష్టం మాత్రం దాదాపు 60 శాతం ఎక్కువ. పోర్టు నుంచి బొగ్గు, ఖనిజం, ఎరువులు మోసే లారీలు తిరిగే దారిలో, కార్లూ స్కూటర్లూ మాత్రమే తిరిగే కాలనీ వీధిలో ఒకే రకం మరమ్మతు ఎందుకు సరిపోదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ముందు నీళ్ళ దారి వెతకండి

గుంత దగ్గరికి వెళ్ళగానే గుంతలోకి చూడకండి, దాని చుట్టూ చూడండి. విశాఖ కొండలకూ సముద్రానికీ మధ్య వాలుగా పరుచుకున్న ఊరు. కొండ మీది నీరు గెడ్డల్లో (వాగుల్లో) పడి సముద్రానికి చేరాలి. ఆ దారిలో ఎక్కడ కాలువ పూడినా, కల్వర్టు మూసుకున్నా నీరు రోడ్డెక్కుతుంది. కొండ వాలు కింది వీధుల్లో వాన ఆగిన తరువాత కూడా కొన్ని రోజులపాటు నేలలోంచి ఊట వస్తూనే ఉంటుంది. ఇలాంటి చోట పై పొరను ఎంత బాగా వేసినా ఉపయోగం లేదు. రోడ్డు పక్కన ఊట నీటిని పట్టి కాలువలోకి మళ్ళించాకే పూడ్పు గురించి ఆలోచించాలి.

ఎండాకాలంలోనూ గుంత తడిగా ఉంటే కింద మంచినీటి గొట్టం కారుతున్నట్టు అనుమానించాలి. ఆ గొట్టం చూసే విభాగానికి కబురు పెట్టి లీకు సరిచేయించిన తరువాతే పూడ్చాలి. ఈ క్రమం తప్పితే కొత్తగా వేసిన తారును మళ్ళీ తవ్వాల్సి వస్తుంది, తవ్విన వారి మీద నెపం వేయడంతో ఆ కథ ముగుస్తుంది.

రోడ్డు ఎవరిదో తేల్చుకోవడమూ ఈ దశలోనే. విశాఖ చుట్టుపక్కల ఒకే ప్రయాణంలో జాతీయ రహదారి, రోడ్లు భవనాల శాఖ రోడ్డు, నగరపాలక సంస్థ వీధి, పోర్టు రోడ్డు వరుసగా తగులుతాయి. జాతీయ రహదారి మీది గుంతకు 1033 నంబరుకు ఫోను చేయాలి. నగర వీధులకు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వార్డు కార్యాలయం గానీ, సోమవారాల్లో ప్రజల నుంచి అర్జీలు తీసుకునే వేదిక గానీ సరైన చోటు. ఫిర్యాదులో ‘రోడ్డంతా గుంతలు’ అని రాస్తే దాన్ని పట్టించుకునేవారు ఉండరు. దగ్గరి విద్యుత్ స్తంభం నంబరు, గుంత సుమారు పొడవు, వెడల్పు, లోతు, నీరు నిలుస్తోందా లేక కింది నుంచి ఊరుతోందా అన్నది రాసి, పక్కన ఒక చెప్పు పెట్టి ఫొటో తీసి జత చేయండి. కొలత తెలిసిన ఫిర్యాదు మీద అంచనా వేయడం సహాయ ఇంజనీరుకు తేలిక.

గీత గీయడం, కోయడం

కనిపించే గుంత కన్నా పాడైన భాగం ఎప్పుడూ పెద్దదే. అంచుల చుట్టూ సుత్తితో తడుతూ వెళ్ళండి. గట్టి చోట ఖంగుమంటుంది, కింద వదులైన చోట బోలుగా మోగుతుంది. మొసలి చర్మంలా పగుళ్ళు అల్లుకున్న భాగమంతా పోయినట్టే లెక్క. అక్కడి నుంచి గట్టి రోడ్డులోకి 15 నుంచి 30 సెంటీమీటర్లు లోపలికి జరిగి సుద్దతో చతురస్రం లేదా దీర్ఘచతురస్రం గీయాలి. రెండు అంచులు వాహనాలు వెళ్ళే దిశకు సమాంతరంగా, మిగతా రెండు అడ్డంగా ఉండాలి. దగ్గర దగ్గరగా మూడు నాలుగు గుంతలుంటే విడివిడిగా కోయకండి, అన్నిటినీ కలిపి ఒకే పెద్ద గడిగా తీసుకోండి. మధ్యలో మిగిలే సన్నని పాత పట్టీలు మొదటి వానకే ఊడతాయి.

పని మొదలుపెట్టే ముందు వాహనాలను మళ్ళించే కోన్లు, ముందస్తు హెచ్చరిక బోర్డు, కూలీలకు మెరిసే జాకెట్లు, గట్టి బూట్లు ఉండాలి. రోడ్డు పని జరిగే చోట భద్రత ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్‌పీ 55 వివరంగా చెబుతుంది. రాత్రి పని అయితే దీపాలు తప్పనిసరి. దీన్ని లాంఛనంగా తీసుకోవద్దు. మలుపు తిరగగానే కనిపించే పనిముఠా ఎదురుగా వచ్చే డ్రైవరుకు గుంత కన్నా పెద్ద ప్రమాదం.

గీత వెంట కోత యంత్రంతో గానీ గాలి బ్రేకరుతో గానీ, అవి లేకపోతే గునపం, ఉలితో గానీ నిట్టనిలువుగా కోయాలి. నిలువుగా అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, అంచును ఏటవాలుగా వదిలేస్తే కొత్త మిక్సు అక్కడ పలచబడి సున్నా మందానికి వస్తుంది. తారు మిక్సు పొర తనలోని పెద్ద రాయి కొలతకు కనీసం సుమారు రెండున్నర రెట్లు ఉంటేనే రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని నిలుస్తాయి. 13 మిల్లీమీటర్ల రాయి ఉన్న మిక్సును 30 మిల్లీమీటర్ల కన్నా పలచగా వేయకూడదు. ఏటవాలు అంచులో ఆ మందం ఉండదు కాబట్టి రాళ్ళు రాలడం అక్కడే మొదలవుతుంది. మన వీధుల్లో పూడ్చిన ప్యాచుల్లో సగం జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

లోతు ఎంతంటే, గట్టి పొర తగిలే వరకు. పై తారు పొర మాత్రమే పోయి కింద కంకర బిగుతుగా, పొడిగా ఉంటే అక్కడితో ఆగవచ్చు. కంకర చేతికి ఊడివస్తున్నా, బురదతో కలిసిపోయినా దాన్నీ తీసేయాలి. ఇంకా కింద నేల మెత్తగా తగిలితే అదీ పోవాలి. ఈ లోతు కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాయాల్సింది ఇప్పుడే. పూడ్చాక లోతు ఎంతో ఎవరూ చూడలేరు. గొయ్యిలో కొలబద్ద నిలబెట్టి తీసిన ఒక ఫొటో తరువాతి వాదనలన్నిటినీ తప్పిస్తుంది.

శుభ్రం చేయడం, అడుగు కట్టడం

వదులు రాళ్ళు, దుమ్ము మొత్తం తీయాలి. చీపురు సరిపోదు. కంప్రెసర్ గాలి కొడితే పగుళ్ళలోని దుమ్ము కూడా బయటికి వస్తుంది. అరచేత్తో అడుగును రుద్ది చూడండి. చేతికి పొడి అంటితే, తరువాత జిగురులా పూసే టాక్ కోట్ ఆ పొడికి అతుక్కుంటుంది, రోడ్డుకు కాదు. తడి ఉంటే ఆరనివ్వాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి విశాఖలో ఉదయం పూట కోసిన గొయ్యి ఆరడానికి అనుకున్నదానికన్నా ఎక్కువ సమయమే పడుతుంది. కోత పొద్దున, మిక్సు మధ్యాహ్నం అన్న లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది.

కంకర పొర తీసేసిన చోట మళ్ళీ కంకరే నింపాలి. గొయ్యి మొత్తాన్ని ఎర్రమట్టితోనో, పడగొట్టిన ఇటుక ముక్కలతోనో నింపి పైన తారు పరచడం ఖర్చు మిగిలినట్టు కనిపించే నష్టం. సైజుల ప్రకారం కలిపిన కంకరను తగు తడితో పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ పలకతో అదిమే ప్లేట్ కాంపాక్టరుతో గానీ చిన్న రోలరుతో గానీ బిగించాలి. తడి సరిపోయిందో లేదో తెలియాలంటే కంకరలోని సన్నని భాగాన్ని పిడికిట్లో బిగించి చూడండి. ఉండగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. అంత లోతునూ ఒకేసారి నింపి పైన రోలర్ తిప్పితే బిగిసేది పై భాగమే. ఆ బిగింపు కింది దాకా దిగదు.

కొత్త కంకర మీద ముందు ప్రైమ్ కోట్ వేయాలి. ఎమల్షన్ అంటే నీటిలో సన్నని బిందువులుగా కలిపిన తారు. నెమ్మదిగా గట్టిపడే ఎస్‌ఎస్-1 ఎమల్షన్‌ను చదరపు మీటరుకు 0.7 నుంచి 1.0 కిలో చొప్పున చల్లితే అది కంకర సందుల్లోకి ఇంకుతుంది. తరువాత టాక్ కోట్. ఇది త్వరగా గట్టిపడే ఆర్‌ఎస్-1 ఎమల్షన్. చదరపు మీటరుకు పావు కిలో దరిదాపుల్లో చాలు. అడుగుకే కాదు, నిలువు అంచులకు కూడా బ్రష్‌తో పూయాలి. నీరు మళ్ళీ దిగేది ఆ అతుకు గుండానే కదా. చల్లినప్పుడు గోధుమరంగులో ఉండే ఎమల్షన్ కాసేపటికి నీరు విడిపోయి నల్లబడుతుంది. నల్లబడ్డాకే మిక్సు వేయాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ అతుకుతుందనుకోవడం పొరపాటు. మడుగు కట్టిన తారు వేసవిలో పైకి ఉబికి రోడ్డును జారుడుగా చేస్తుంది.

మిక్సు వేయడం

ఎంత కావాలో ముందే లెక్కవేసుకోండి. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గొయ్యికి 0.15 ఘనపు మీటర్లు. బిగించిన తారు మిక్సు ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నులు తూగుతుంది. అంటే దాదాపు 350 కిలోలు. వృథాతో కలిపి 380 కిలోలు తెప్పించుకోవాలి.

వేడి మిక్సులో వేడే ప్రాణం. వీజీ-30 రకం తారుతో చేసిన మిక్సు ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ మధ్య తయారవుతుంది. పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి, రోలింగ్ 90కి పడిపోకముందే పూర్తవ్వాలి. విశాఖలో రిఫైనరీ ఉంది, తారుకు దూరం వెళ్ళనక్కర్లేదు. కానీ మిక్సు ప్లాంట్లు ఊరికి దూరంగా ఉంటాయి, లారీ గాజువాక దగ్గరో ఎన్.ఎ.డి. కూడలి దగ్గరో ట్రాఫిక్‌లో చిక్కుకుంటే మిక్సు దారిలోనే చల్లారుతుంది. లారీ మీద తాటిపత్రి బిగించి ఉండాలి. వచ్చిన వెంటనే థర్మామీటరు గుచ్చి చూడాలి. చల్లారిన మిక్సును వెనక్కి పంపడానికి మొహమాటపడే ఇంజనీరు తరువాత అదే గుంత దగ్గర మొహం చూపించాల్సి వస్తుంది.

పారతో మిక్సును దూరం నుంచి విసరకూడదు. విసిరితే పెద్ద రాళ్ళు ఒక వైపుకు, సన్న భాగం ఇంకో వైపుకు పోతాయి. అంచుల దగ్గర ముందుగా పేర్చి, తరువాత మధ్యకు రావాలి. బిగించాక మందం తగ్గుతుంది కాబట్టి 50 మిల్లీమీటర్లు కావాలంటే వదులుగా 60 నుంచి 65 మిల్లీమీటర్లు పరచాలి. గొయ్యి లోతుగా ఉంటే రెండు పొరలుగా వేసి, దేనికది బిగించాలి. రోలింగ్ అంచుల నుంచి మధ్యకు సాగాలి. వాలు వీధుల్లో పల్లం నుంచి ఎత్తుకు నడపాలి. చిన్న గొయ్యిలో పెద్ద రోలర్ తిప్పితే దాని చక్రం చుట్టూ ఉన్న పాత రోడ్డు మీదే ఆనుకుంటుంది, లోపలి మిక్సు వదులుగా మిగిలిపోతుంది. అలాంటి చోట ప్లేట్ కాంపాక్టరే సరైన పనిముట్టు. పని ముగిసేసరికి ప్యాచు చుట్టూ ఉన్న రోడ్డు కన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి. వాహనాలు తిరిగే కొద్దీ అది సర్దుకుంటుంది. చివరగా అతుకు వెంట ఎమల్షన్ పూసి రాతి పొడి చల్లండి.

వేడి మిక్సు కూలీ చర్మానికి అంటుకుంటే లాగకూడదు. వెంటనే చల్లటి నీరు ధారగా పోసి, అంటుకున్న తారును అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

వానాకాలంలో ఏం చేయాలి

జులైలో లోతైన గుంత పడితే డిసెంబరు దాకా ఆగమని ద్విచక్ర వాహనదారుతో చెప్పలేం. ఇందుకోసం చల్లటి మిక్సులున్నాయి. ద్రావకంతో పలచన చేసిన తారుతో తయారై సంచుల్లో వచ్చే మిక్సుకు ఐఆర్‌సీ 116 ప్రమాణాలు చెబుతుంది. గొయ్యిలోని నీటిని తోడి, వదులు రాళ్ళు తీసి, మిక్సు నింపి బిగిస్తే వెంటనే వాహనాలను వదలవచ్చు. ఉక్కు కర్మాగారాల్లో మిగిలే వ్యర్థమైన స్లాగుతో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-సీఆర్‌ఆర్‌ఐ రూపొందించిన ఎకోఫిక్స్ లాంటివి తడి గొయ్యిలోనూ పనిచేసేలా తయారైనవి. ఉక్కు నగరంలో ఉండి స్లాగును గుట్టలుగా చూసేవారికి ఇది ఆసక్తి కలిగించే దారి.

యంత్రంతో చేసే మరో పద్ధతి ఉంది. వాహనానికి అమర్చిన గొట్టం ముందు గాలి కొట్టి గొయ్యిని శుభ్రం చేస్తుంది, తరువాత ఎమల్షన్ చల్లుతుంది, ఎమల్షన్‌తో తడిసిన రాతి చిప్స్‌ను వేగంగా కొడుతుంది, చివర పొడి చిప్స్‌తో కప్పుతుంది. కోత లేదు, రోలర్ లేదు, మనుషులూ తక్కువే చాలు. పగుళ్ళు, తక్కువ లోతు గుంతలు ఉన్న చోట నాకు ఇది నచ్చుతుంది. అడుగు కూలిన చోట మాత్రం దీనితో పని జరగదు.

కోయకుండా నింపి లారీ చక్రాలతో తొక్కించే పద్ధతిని అందరూ ఈసడిస్తారు. కానీ 1990ల్లో అమెరికాలో షార్ప్ అనే రహదారి పరిశోధన కార్యక్రమం కింద పలుచోట్ల పక్కపక్కనే వేసి చూసినప్పుడు, నాణ్యమైన మిక్సు వాడితే ఇది కోసి వేసిన ప్యాచుతో సమానంగా నిలిచింది. నాసిరకం మిక్సు వాడిన చోట దాన్ని మాటిమాటికీ తిరిగి పూడ్చడానికయ్యే ఖర్చు, మిక్సులో మిగిలిన డబ్బును మించిపోతుంది. కాబట్టి వానాకాలపు తాత్కాలిక పనిలోనే మిక్సు మీద పిసినారితనం అస్సలు పనికిరాదు. ప్రతి తాత్కాలిక ప్యాచునూ జాబితాలో రాసుకుని పొడి నెలల్లో కోసి సరిచేయాలి. రాష్ట్రంలో గుంతల రహిత రోడ్ల కార్యక్రమాన్ని 2024 నవంబరు 2న మన పక్కనే, పరవాడ మండలం వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. కాలం లెక్కలో అది సరైన ఆరంభం. తుపాను రాకపోతే అక్కడి నుంచి వేసవి దాకా పొడి రోజులే ఎక్కువ.

గుంతలు కానివి

గొట్టాలు, కేబుళ్ళ కోసం తవ్విన కాలువలు గుంతల కన్నా ఎక్కువ రోడ్డును పాడుచేస్తాయి. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చారు. ఊరికి ఎంతో మేలు చేసిన పని అది. అయితే ఏ తవ్వకమైనా తవ్విన మట్టినే తిరిగి తోసి పైన తారు పరిస్తే ఏడాదిలో పొడవాటి గాడిలా దిగబడుతుంది. కాలువను పొరలుగా నింపి బిగించాలి. పై తారును కాలువ వెడల్పుకన్నా రెండు వైపులా 15 నుంచి 30 సెంటీమీటర్లు అదనంగా కోసి వేయాలి. తవ్వినప్పుడు పక్క గోడలు కొంత వదులవుతాయి, ఈ అదనపు వెడల్పు ఆ వదులు భాగాన్ని కప్పుతుంది.

సిమెంటు రోడ్డు గుంతకు తారు నింపడం తాత్కాలికంగా తప్ప సరైనది కాదు. నిలువుగా కోసి, గట్టి కాంక్రీటు తగిలే దాకా తీసి, తడిపి, సిమెంటు పాలు పూసి కాంక్రీటు వేసి క్యూరింగ్ చేయాలి. రెండు పలకల మధ్య అతుకు ఉన్న చోటే మళ్ళీ అతుకు వదలాలి, లేకపోతే ప్యాచు అక్కడే చీలుతుంది.

ప్యాచులే రోడ్డుగా మారిన వీధికి ఇంకో ప్యాచు వేయకండి. పై పొరను మిల్లింగ్ యంత్రంతో గీకి కొత్త పొర వేయాలి. గీకకుండా ఏటా పైన పొరలు పేరిస్తే రోడ్డు ఇళ్ళ గడపల కన్నా ఎత్తవుతుంది, వాన నీరు ఇళ్ళలోకి దారి వెతుక్కుంటుంది.

మొదటి వాన తరువాత

మరమ్మతు ఎలా జరిగిందో మంచి వాన పడ్డాక వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ప్యాచు మొత్తం దిగబడి నీరు నిలిస్తే అడుగు బిగించలేదు. చుట్టూ అతుకు తెరుచుకుంటే నిలువు అంచులకు టాక్ కోట్ పూయలేదు. పై రాళ్ళు ఒక్కొక్కటిగా రాలుతుంటే మిక్సు చల్లారాక వేశారు, లేదా తారు తక్కువ. పలక పలకగా లేచిపోతే కింద దుమ్మో తడో ఉంది. బస్ స్టాపు దగ్గర బ్రేకుల దిశలో ముడతలు పడితే తారు ఎక్కువైంది. ప్యాచు బాగుండి దాని పక్కనే కొత్త గుంత పడితే గీత చిన్నగా గీశారు. కాంట్రాక్టరు లోపాలు సరిచేయాల్సిన గడువు ఒప్పందంలో ఉంటుంది. ఆ గడువు ముగిసేలోపు ఒక వానాకాలం పూర్తిగా గడిచేలా పని తేదీని ఎంచుకుంటే, ఈ లోపాలను ఉచితంగా సరిచేయించుకునే హక్కు శాఖకు మిగులుతుంది.